చెల్సీ ఫిజిక్ గార్డెన్, లండన్: మన బిళ్ళగన్నేరుకు అక్కడ దక్కిన మర్యాద

మా అమ్మాయి దగ్గర లండన్‌లో రెండు నెలలున్నాను. రెండోసారి కూడా వెళ్ళి చూసిన చోటు ఒక్కటే, ఈ తోట. కాకినాడలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినదాన్ని కాబట్టి నాకు నచ్చడం వింత కాదు. బోటనీ అంటే ఆమడ దూరం పారిపోయే మా అల్లుడు కూడా మూడు గంటలు తిరిగాడు.

స్లోన్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి పావుగంట నడిస్తే ఎత్తయిన ఇటుక గోడ వస్తుంది. లోపల ఉన్నది నాలుగెకరాలే. పాత ఇంగ్లీషులో ఫిజిక్ అంటే మందు, వైద్యం. 1673లో లండన్ అపోథెకరీల సంఘం దీన్ని మొదలుపెట్టింది. అపోథెకరీలంటే మందులు నూరి, కలిపి ఇచ్చేవాళ్ళు. తమ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకు ఏ మొక్క ఏదో కళ్ళతో చూపించి నేర్పడానికి ఈ తోట వేసుకున్నారు. ముందు గుర్తుపట్టడం, ఆ తర్వాతే మందు. ఈ ఒక్క మాట నన్ను పట్టేసింది.

ఎందుకంటే, రెండేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక మూలికల కొట్టుకు వెళ్ళి నేల ఉసిరి అడిగాను. ఇచ్చిన కట్టలో సగం వేరే మొక్క. నేల ఉసిరికి ఆకుల కింద బుల్లి కాయలు వరసగా వేలాడతాయి. ఆ రెమ్మల్లో చాలావాటికి ఆ వరసే లేదు. కొట్టతను మోసం చేశాడని నేననుకోను. కోసుకొచ్చిన వాళ్ళకే గుర్తు తెలియదు. ఎండిపోయి కట్టలోకి చేరాక ఇంకెవరు పోలుస్తారు?

ఇక్కడ ఫాక్స్‌గ్లోవ్ చూశాను. పొడవాటి కాడ నిండా గంటల్లాంటి ఊదా పూలు. 1785లో విలియం విథరింగ్ అనే వైద్యుడు దాని గురించి రాసిన దగ్గర్నుంచి అది గుండె మందుగా పేరు తెచ్చుకుంది. పూలు లేనప్పుడు మాత్రం దాని ఆకు కాంఫ్రీ అనే మరో మూలిక ఆకులా ఉంటుంది. కాంఫ్రీ అనుకుని దాన్ని టీ కాచుకుని తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు.

ఒక పక్క మళ్ళను జబ్బుల వారీగా వేశారు. క్యాన్సర్ మడి దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. అక్కడున్నది మన బిళ్ళగన్నేరు! మా ఇంట్లో తులసికోట పక్కన, నీళ్ళు పోసినా పోయకపోయినా పూసేది. దాని సొంత ఊరు మడగాస్కర్. 1750ల్లో పారిస్ నుంచి వచ్చిన విత్తనాలను ఈ తోట పెద్ద ఫిలిప్ మిల్లర్ ఇక్కడే మొలిపించాడు. ఐరోపాలో రెండు వందల ఏళ్ళు అది ఎక్కువగా అందానికే పెరిగింది. 1950ల్లో కెనడాలో ఇది షుగరుకు పనికొస్తుందేమోనని పరీక్షిస్తే, ఎలుకల్లో షుగరు తగ్గలేదు, రక్తంలో తెల్లకణాలు తగ్గాయి. అలా విన్‌బ్లాస్టిన్, దాని వెనకే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. మా పక్కింటి పాపకు బ్లడ్ క్యాన్సర్ వచ్చినప్పుడు ఎక్కించిన మందుల్లో విన్‌క్రిస్టిన్ ఉంది. ఇప్పుడా పిల్ల డిగ్రీ చదువుతోంది. ఆ మడి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

షుగరు తగ్గుతుందని దీని ఆకులు నమిలేవాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది విషం. ఎంత ఇవ్వాలో లెక్కగట్టి డాక్టర్లు ఇస్తేనే మందు.

తోట మధ్యలో హాన్స్ స్లోన్ అనే వైద్యుడి విగ్రహం ఉంటుంది. కుర్రతనంలో ఇక్కడే మొక్కలు నేర్చుకుని, డబ్బు సంపాదించాక ఈ నేల కొన్నాడు. 1722లో ఏడాదికి 5 పౌండ్ల అద్దెకు శాశ్వతంగా తోటకే ఇచ్చేశాడు. షరతు ఏమిటంటే, ఏటా 50 కొత్త మొక్కల్ని ఎండబెట్టి రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి పంపాలి, 2000 అయ్యేదాకా. గురుదక్షిణ అంటే నాకు ఇదే.

రాళ్ళ తోట మాత్రం తప్పక చూడండి. 1773లో కట్టారు. లండన్ టవర్ పాత రాళ్ళతో పాటు వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ నుంచి తెచ్చిన లావా రాళ్ళు అందులో ఉన్నాయి. మా సామర్లకోటలో ఉండి మన మొక్కలకు బొమ్మలు వేయించిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ పంపిన ఆ బొమ్మలు ఈ బ్యాంక్స్ పర్యవేక్షణలోనే అచ్చయ్యాయి. ఆ నల్లరాళ్ళ ముందు మా ఊరి పేరు గట్టిగా పలికాను.

టికెట్ ఖరీదు ఎక్కువే, మన రూపాయల్లో లెక్కేస్తే ఇంకా ఎక్కువ. అయినా ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగింది. వెళ్ళేముందు ఏ రోజులు తెరుస్తారో వెబ్‌సైట్‌లో చూసుకోండి. చలికాలంలో మళ్ళు బోసిగా ఉంటాయి, జూన్, జులై మంచివి. వలంటీర్ గైడ్ దొరికితే వాళ్ళ వెంటే నడవండి. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకెళ్ళండి. పేరు పలకల మీద లాటిన్ పేర్లుంటాయి. నేను వాటి పక్కన మన పేర్లు రాసుకుంటూ పోయాను: వస, అల్లం, పసుపు, ఉమ్మెత్త, ఆముదం. రెండోసారి వెళ్ళింది మిగిలినవి రాసుకోడానికే.