గుమ్మం ఒక్కటే, విస్తళ్లు నలభై రెండు: ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 స్టాండర్డ్ లైసెన్సుపై ఒక సమీక్ష

బెంగళూరు మారతహళ్లిలోని మా కార్యాలయంలో ఆరుగురం పనిచేస్తాం. బిందు సేద్యం పైపులు, ఫిల్టర్లు, వాల్వులు అమ్మే చిన్న సంస్థ మాది. హిందూపురం, కల్యాణదుర్గం, మదనపల్లె వంటి ఊళ్లలో ముప్పై ఆరుగురు డీలర్లున్నారు. వాళ్లు ఫోనులో చెప్పే ఆర్డర్లను రాసుకునే పద్ధతి మాని, వాళ్లే వెబ్‌సైటులో సరుకు నిల్వ చూసుకుని ఆర్డరు పెట్టుకునే ఏర్పాటు చేశాం. దాని వెనుక, ఈ వివరాలన్నీ భద్రపరిచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌గా మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 స్టాండర్డ్ ఎడిషన్ పనిచేస్తోంది.

పనితనం గురించి చెప్పుకోవలసిన ఫిర్యాదు లేదు. రాత్రి బ్యాకప్పులు వాటంతటవే జరుగుతాయి, ఒకసారి అవసరపడి బ్యాకప్పు నుంచి తిరిగి తెచ్చుకుంటే లెక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి. మమ్మల్ని తిప్పలు పెట్టింది లైసెన్సు లెక్క, కాబట్టి ఈ సమీక్షలో అధిక భాగం దానికే.

స్టాండర్డ్ ఎడిషన్‌ను రెండు విధాలుగా కొనవచ్చు. మొదటిది సర్వరుకు ఒక లైసెన్సు, దానిని వాడే ప్రతి మనిషికి లేదా ప్రతి పరికరానికి ఒక క్యాల్ (వాడుకునేందుకు అనుమతినిచ్చే లైసెన్సు). మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ధరల ప్రకారం సర్వరు లైసెన్సు 989 డాలర్లు, ఒక్కో క్యాల్ 230 డాలర్లు. రెండవది ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన కోర్లను బట్టి కొనడం. రెండేసి కోర్ల ప్యాకు 3,945 డాలర్లు, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం నాలుగు కోర్లకు కొనాలి. ఇలా కొంటే ఎంతమంది వాడినా క్యాల్స్ అక్కరలేదు. మన చేతికి వచ్చే బిల్లు అమ్మకందారును, మారకపు రేటును బట్టి మారుతుంది, దానిపై 18 శాతం జీఎస్టీ పడుతుంది.

మాకు అమ్మినవారు మొదటి పద్ధతినే సూచించారు. వెబ్‌సైటు డేటాబేస్‌లోకి ఒకే లాగిన్‌తో వెళ్తుంది గనుక అయిదు క్యాల్స్ ఉంటే ఎక్కువేనని వారి వాదన. వినడానికి బాగానే ఉంది, 2,139 డాలర్లతో పని తేలిపోయిందని మేమూ సంతోషించాం. పది నెలల తర్వాత వార్షిక తనిఖీ కోసం లైసెన్సు నిబంధనలను తీరికగా చదివినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. మధ్యలో వెబ్‌సైటు ఉన్నా, ఇంకే సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఆ చివర డేటాను చూసేవాళ్లనూ అందులో రాసేవాళ్లనూ లెక్కపెట్టాలి తప్ప మధ్యలో ఉన్న లాగిన్‌ను కాదు. మైక్రోసాఫ్ట్ దీనిని మల్టీప్లెక్సింగ్ అంటుంది. పెళ్లిలో వడ్డించినవాడు ఒక్కడే కదా అని క్యాటరింగు వాళ్లకు ఒక్క విస్తరి డబ్బే ఇస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. మా పంక్తిలో కూర్చున్నది డీలర్లు ముప్పై ఆరుగురు, మేము ఆరుగురం, మొత్తం నలభై రెండు మంది.

ఇక్కడ అంకెలను కాస్త నిదానంగా చూడాలి. నాలుగు కోర్ల సర్వరుకు కోర్ లైసెన్సు 7,890 డాలర్లు. ముప్పై మందికి క్యాల్స్ తీసుకుంటే సర్వరుతో కలిపి 7,889 డాలర్లు, అంటే ఒక్క డాలరు తేడా. ముప్పై ఒకటో మనిషి రాగానే తక్కెడ కోర్ లైసెన్సు వైపు మొగ్గుతుంది. మేము అప్పటికే అయిదు క్యాల్స్ కొన్నాం గనుక మిగిలిన ముప్పై ఏడింటికి 8,510 డాలర్లు అవుతుంది, కోర్లకు మారితే 7,890. మొదట పెట్టిన డబ్బును వదులుకున్నా మారడమే చౌక, పైగా రేపు మరో పదిమంది డీలర్లు చేరినా లెక్క మారదు. అమ్మినవారు పాత సొమ్ములో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు, తాము చెప్పిన సలహాను కాగితం మీద రాసి ఇవ్వలేదు గనుక మేము గట్టిగా అడగలేకపోయాం.

మనుషులకు బదులు పరికరాలకు క్యాల్స్ తీసుకుందామని మా లెక్కల గుమాస్తా అన్నారు. ఒకే కంప్యూటరు ముందు తండ్రి, కొడుకు, గుమాస్తా వంతులవారీగా కూర్చునే దుకాణాలకు అది నిజంగా కలిసొచ్చే పద్ధతే. కానీ మా డీలర్లలో చాలామంది దుకాణంలో కంప్యూటరు, పొలానికి వెళ్లినప్పుడు ఫోను వాడతారు, అప్పుడు పరికరాల లెక్క మనుషుల లెక్కను మించిపోతుంది. నిబంధనల్లో ఒక చిన్న ఊరట మాత్రం ఉంది: ఎవరైనా ఉద్యోగి స్వయంగా నివేదిక తీసి మెయిలులో పంపితే దానిని అందుకున్నవారికి క్యాల్ అవసరం లేదు. ఆ లెక్కన మా పాత ఫోను పద్ధతికి లైసెన్సు బెడద అంతగా లేదన్నమాట!

ఇది ఒక్క మైక్రోసాఫ్ట్ పట్టుదల కాదు. వ్యాపార సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్ అమ్మిన సాఫ్ట్‌వేర్‌లోని సమాచారాన్ని సేల్స్‌ఫోర్స్ అనే మరో కంపెనీ వేదిక మీద కట్టిన వెబ్ అప్లికేషన్ల ద్వారా తన వినియోగదారులకు, అమ్మకపు సిబ్బందికి అందుబాటులో పెట్టినందుకు మద్యం తయారుచేసే డియాజియో సంస్థపై శాప్ 5 కోట్ల 40 లక్షల పౌండ్లకు పైగా కోరుతూ దావా వేసింది, 2017లో లండన్ హైకోర్టు ఆ పరోక్ష వాడకానికీ లైసెన్సు రుసుము చెల్లించాలని తీర్పు చెప్పింది. మరో డేటాబేస్ సంస్థ ఒరాకిల్‌దీ ఇదే సూత్రం. దాని ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ప్రకటిత ధర ప్రాసెసర్‌కు 47,500 డాలర్లు. ఇంటెల్ చిప్పులో రెండు కోర్లను ఒక ప్రాసెసర్‌గా లెక్కిస్తారు, కాబట్టి ఎనిమిది కోర్ల యంత్రానికి 1,90,000 డాలర్లు, ఆపైన ఏటా 22 శాతం సపోర్టు రుసుము. ముప్పై ఆరుగురు డీలర్ల కోసం అంత పెట్టాలంటే పైపుల వ్యాపారం మానుకోవాలి.

ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌ను ఎందుకు వాడలేదని అడగవచ్చు. 2022 వెర్షనులో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు, బిల్లుల స్కాన్లతో కలిపి మాది మొదటి ఏడాదిలోనే ఆ హద్దుకు దగ్గరైంది. డెవలపర్ ఎడిషన్ ఉచితమే గానీ అది సాఫ్ట్‌వేర్ తయారీకి, పరీక్షలకు మాత్రమే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుమే లేదు, మనుషుల లెక్క, కోర్ల లెక్క రెండూ లేవు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు దానికే. మా దగ్గర మాత్రం ధరల పట్టికలు, రాయితీలు, జీఎస్టీ లెక్కలు అన్నీ ఎస్‌క్యూఎల్ సర్వర్ భాషలో రాసిన ప్రొసీజర్లలో, అంటే చిన్న ప్రోగ్రాముల్లో ఉన్నాయి, వాటిని తిరగరాయడానికి అయ్యే జీతాలు ఆ 7,890 డాలర్లను మించుతాయని తేలింది.

వర్చువల్ యంత్రం (ఒక సర్వరు లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటరు) మీద నడపాలనుకునేవారు మరొక సంగతి గమనించాలి. 2022 వెర్షను నుంచి ఒక్క వర్చువల్ యంత్రానికే లైసెన్సు తీసుకోవాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సుపై విడిగా డబ్బు కట్టి తీసుకునే మైక్రోసాఫ్ట్ ఒప్పందం) గానీ చందా లైసెన్సు గానీ తప్పనిసరి. మేము సొంత సర్వరు మీదే నడుపుతున్నాం గనుక ఆ ఖర్చు తప్పింది. మొత్తం మీద సరుకుకు అయిదింటికి నాలుగున్నర, ధరకు మూడు, ధరను అర్థమయ్యేలా చెప్పడానికి ఒకటిన్నర మార్కులు ఇస్తాను.

ఈ మధ్య పాత సర్వరు మార్చవలసి వచ్చి కంప్యూటర్లు అమ్మే ఎస్పీ రోడ్డు దుకాణాలన్నీ తిరిగాం. ఎనిమిది కోర్లు, పదహారు కోర్లు అంటూ చూపిస్తున్న దుకాణదారుకు నాలుగు కోర్లదే కావాలని చెబితే, అందరూ ఎక్కువ అడుగుతారు, మీరు తక్కువ అడుగుతున్నారేమిటని వింతగా చూశాడు. ఎనిమిది కోర్లదైతే లైసెన్సు 15,780 డాలర్లకు చేరుతుంది. నాలుగో దుకాణంలో మాకు కావలసినది దొరికింది. మెమొరీకి లైసెన్సు లెక్క లేదు గనుక దానిలో 64 జీబీ పెట్టించాం.