గిజాను చివరికి ఉంచుకోండి

ఈజిప్ట్ వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ఒకటే అంటున్నాను: కైరోలో దిగిన మర్నాడే పెద్ద పిరమిడ్లున్న గిజాకు పరుగెత్తకండి. ముందు అంతకంటే పాత పిరమిడ్లున్న సక్కారా, దహషూర్ చూడండి, ఆ తర్వాతే గిజా. ప్యాకేజీ టూర్లు చాలావరకు దీన్ని తలకిందులు చేస్తాయి. పొద్దున గిజా, మధ్యాహ్నం ఒక సెంటు షాపు, ఒక పాపిరస్ షాపు, టైము మిగిలితే సక్కారాలో ఓ అరగంట. మాకు ఏజెంట్ పంపిన ప్లాన్ కూడా అచ్చం ఇలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టి, రోజంతటికీ ఒక కారు మాట్లాడుకుని నేనూ, మా ఆవిడా, మా అమ్మా బయల్దేరాం.

కారు రోజంతటికీ మాట్లాడుకోవడం తప్పనిసరి. కైరోలో యాప్ కార్లు బాగానే దొరుకుతాయి, సక్కారా దాకా వస్తాయి కూడా. తిరిగి రావడానికే దొరకవు. గిజా నుంచి సక్కారాకు దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్లు, అక్కడి నుంచి దహషూర్ ఇంకో పది. దారి పొడవునా ఒక పక్క ఖర్జూరపు తోటలు, కాలవ, ఇంకో పక్క ఇసుక. ఈ చోట్లు సాయంత్రం కాకముందే మూసేస్తారు కాబట్టి పొద్దున్నే కదలాలి.

సక్కారాలో జోసర్ రాజు మెట్ల పిరమిడ్ ఉంది. ఇమ్‌హోటెప్ అనే మంత్రి కట్టించాడంటారు. ఇప్పటికి 4,600 ఏళ్లు దాటింది. సమాధి మీద మట్టి ఇటుకలతో దిమ్మె కట్టే అలవాటు అప్పటికే ఉంది. ఇక్కడ రాతితో ఒక దిమ్మె మీద ఇంకొకటి పేర్చుకుంటూ పోతే ఆరు మెట్లయి 60 మీటర్లు దాటింది. పిరమిడ్ అనేది అసలు ఎలా మొదలైందో ఎవరూ చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోతుంది. మరమ్మతుల కోసం చాలా ఏళ్లు మూసి, 2020లో మళ్లీ తెరిచారు.

మా అమ్మకు మాత్రం సక్కారాలో నచ్చింది మెరెరుకా సమాధి. ఇతను రాజు కూడా కాదు, తేతి అనే రాజు దగ్గర పెద్ద ఉద్యోగి. గోడల నిండా బొమ్మలు చెక్కారు: పడవ మీంచి నీటిగుర్రాన్ని పొడుస్తున్నవాళ్లు, వలలో చేపలు, ఒకచోట హైనాను వెల్లకిలా పడేసి నోట్లో తిండి కుక్కుతున్న ఇద్దరు మనుషులు. అమ్మ ఆ హైనా దగ్గర ఆగిపోయి, "పాపం, దానికి వద్దంటే ఎందుకురా అలా కుక్కుతారు" అంది. పక్కనే తేతి పిరమిడ్. బయటి నుంచి చూస్తే ఇసుకదిబ్బ, లోపల గది కప్పు నిండా చెక్కిన నక్షత్రాలు, గోడల మీద నిలువు వరసల్లో చిత్రలిపి. చచ్చిపోయిన రాజు పరలోకం చేరడానికి చదవాల్సిన మంత్రాలవి. గిజా పిరమిడ్ల లోపల ఇలాంటిదేమీ కనబడదు, అక్కడివన్నీ బోసి గోడలు. ఈ సంగతి చాలామందికి గిజాలో డబ్బు కట్టి లోపలికి వెళ్లాకే తెలుస్తుంది.

దహషూర్‌లో జనం లేరు. గిజాలో పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజుకు తండ్రి స్నెఫెరు. ఇతను ఇక్కడ రెండు పిరమిడ్లు కట్టించాడు. మొదటిది వంకర పిరమిడ్. కింద 54 డిగ్రీల వాలుతో నిటారుగా లేచి, మధ్యలో 43 డిగ్రీలకు ఒంగిపోతుంది, ఇల్లు సగం లేచాక ప్లాన్ మార్చుకున్న మేస్త్రీ పనిలా. అంత నిటారుగా పోతే నిలవదని భయపడి తగ్గించారని పురావస్తు శాస్త్రవేత్తల అభిప్రాయం. బయటి నున్నటి సున్నపురాయి పొర ఇంకా చాలావరకు మిగిలి ఉంది. మిగతా పిరమిడ్లు కట్టినప్పుడు ఎలా మెరిసేవో దీన్ని చూస్తే ఊహకు అందుతుంది. రెండోది ఎర్ర పిరమిడ్, మొదటి నుంచి చివరిదాకా ఆ 43 డిగ్రీలే. నిజమైన నునుపు వాలు పిరమిడ్ కుదిరింది ఇక్కడే.

ఎర్ర పిరమిడ్ లోపలికి వెళ్లడానికి వేరే టికెట్ లేదు. ముందు బయట మెట్ల మీద దాదాపు 28 మీటర్లు ఎక్కాలి. అక్కడి నుంచి లోపలికి 60 మీటర్ల పైచిలుకు ఏటవాలు సొరంగం, ఎత్తు మీటరు కూడా ఉండదు. నేల మీద చెక్కలు పరిచి, కాలు జారకుండా అడ్డంగా కడ్డీలు బిగించారు. నడుం వంచి వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగడమే సుఖం. కింద అమ్మోనియా వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. గది మధ్యలో నిలబడి తల ఎత్తితే, రెండు వైపుల రాళ్లూ వరసకు కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ పైన కలుసుకుంటాయి. అంత బరువు కింద నిలబడి కూడా టెన్షన్ రాలేదు. ఆ వరసల్లో ఒక్క రాయి కూడా పక్కకు తప్పలేదు మరి. పైకి వచ్చాక మర్నాడంతా తొడలు పట్టేశాయి. అమ్మ ముందే, "నువ్వెళ్లిరా నాన్నా, నేనిక్కడ నీడన కూర్చుంటా" అని కారు దగ్గరే ఉండిపోయింది. మోకాళ్ల నొప్పులుంటే అదే తెలివైన పని.

ఇక గిజా. స్నెఫెరు పడ్డ తిప్పలు చూశాక ఖుఫు పిరమిడ్ ముందు నిలబడితే అది వింతలా అనిపించదు, నేర్చుకున్న పని పండినట్టు అనిపిస్తుంది. మొదట్లో సుమారు 146 మీటర్లు, ఇప్పుడు 138. పక్కన కొడుకు ఖఫ్రేది చిన్నదే అయినా మిట్ట మీద ఉండడంతో అదే పెద్దదిగా కనిపిస్తుంది. దాని శిఖరాన పాత పొర ఇంకా మిగిలి ఉంది.

ఫయూమ్ రోడ్డు వైపు కొత్త ప్రవేశద్వారం పెట్టి లోపల ఎలక్ట్రిక్ బస్సులు తిప్పుతున్నారు, ఛార్జీ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. కౌంటర్లో కార్డే, నగదు తీసుకోరు. ఒంటెలవాళ్ల బెడద మాత్రం పూర్తిగా పోలేదు. "ఇండియా? అమితాబ్ బచ్చన్!" అంటూ వచ్చి, ఊరికే అని తలకు గుడ్డ చుట్టి, ఫొటో తీసి, చేయి చాపుతారు. ఒంటె ఎక్కడానికి ఒక రేటు, దిగడానికి ఇంకో రేటు. "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడిచిపోతే వదిలేస్తారు. నవ్వితే మాత్రం దొరికిపోయినట్టే.

ఖుఫు పిరమిడ్ లోపలికి వెళ్లే టికెట్ ప్రవేశ టికెట్ కంటే ఖరీదు. నేనొక్కడినే వెళ్లాను. ఒంగుని ఎక్కే ఇరుకు దారిలో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకరినొకరు తోసుకుంటూ, చెమటలు కక్కుతూ. 8 మీటర్లకు పైగా ఎత్తున్న పెద్ద గ్యాలరీ ఒక్కదానికీ ఆ డబ్బు ఇవ్వొచ్చు. చివర రాజు గది అంటే అస్వాన్ నుంచి తెచ్చిన గ్రానైట్ గోడలు, మూత లేని రాతి పెట్టె, అంతే. దహషూర్‌లో దిగినవాళ్లు దీన్ని మానేసినా పెద్దగా పోయేదేమీ లేదు.

బస విషయంలో మేం రెండు రకాలూ చూశాం. మొదటిది గిజాలో స్ఫింక్స్ గేటు ఎదురుగా, నజ్లెట్ ఎల్ సమ్మాన్ అనే పేటలో ఒక గెస్ట్‌హౌస్. గదిలోంచి పిరమిడ్ కనిపిస్తుందని ఫొటోలు పెట్టారు, తీరా మా గది కిటికీకి పక్క ఇంటి గోడ. డాబా మీద మాత్రం మాటల్లేవు: పొద్దున టిఫిన్‌కు ఎదురుగా పిరమిడ్లు, రాత్రి సౌండ్ అండ్ లైట్ షో పైసా ఖర్చు లేకుండా. వీధిలో గుర్రపు లద్దె వాసన, రాత్రుళ్లు పెళ్లి బాజాలు కూడా ఉచితమే. ఒకటి రెండు రాత్రులకు బాగుంటుంది, అంతకు మించి వద్దు. డబ్బుకు వెనకాడనివాళ్లకు అక్కడికి దగ్గర్లోనే మీనా హౌస్ ఉంది, చాలా ఏళ్లు మన ఒబెరాయ్ వాళ్లు నడిపిన హోటల్. మేం తర్వాత కైరో డౌన్‌టౌన్‌కు మారాం. పాత భవనంలో ఒక అంతస్తు మొత్తం హోటల్, ఇనుప తలుపుల లిఫ్ట్, ఎత్తైన గదులు. తహ్రీర్ స్క్వేర్ పాత మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. అమ్మకు ఇదే నచ్చింది.

2025 నవంబర్‌లో అధికారికంగా ప్రారంభమైన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి ఒక పూట చాలదు. టుటన్‌ఖామున్ హాలు దగ్గరే అందరూ గుమిగూడతారు. ఖుఫు పడవకు మాత్రం టైము దాచుకోండి. 1954లో పెద్ద పిరమిడ్ పక్కన గోతిలో దొరికిన దేవదారు పడవ, 43 మీటర్ల పొడవు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసిన మా ఆవిడ ఇక్కడ కూడా మమ్మీల కోసం వెతికింది. తహ్రీర్ పాత మ్యూజియంలో ఉండే రాజుల మమ్మీలను 2021లోనే వేరే మ్యూజియానికి తీసుకెళ్లారు, దానికి వేరే టికెట్.

శాకాహారులకు తిండి బెంగ అక్కర్లేదు. కోషరీ ఒక్కటి చాలు: అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, టమాటా పులుసు, పైన కరకరలాడే ఉల్లిపాయలు. కారం సీసా బల్ల మీదే ఉంటుంది. అమ్మ మొదటి రోజు అన్నంలో మాకరోనీ ఏంటని ముఖం చిట్లించి, మూడో ప్లేటుకు వచ్చేసరికి వెనిగర్ కూడా తనే పోసుకుంది. పొద్దున బాకలా గింజలతో (ఫావా బీన్స్) చేసే వడల్లాంటి తామియా, రొట్టె. అన్నట్టు, బాత్రూమ్ దగ్గర, సామాను దగ్గర, తలుపు తీసినా బక్షీసు అడుగుతారు. చిన్న నోట్లు జేబులో విడిగా పెట్టుకోండి. పెద్ద నోటిస్తే చిల్లర వెనక్కి రాదు.