ఒకే బ్యాటరీ, అయిదు మిషన్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

సిరొంచలో మాది తలుపులు, మంచాలు చేసే చిన్న వడ్రంగి దుకాణం. ఒకే బ్యాటరీ అన్నింటికీ సరిపోయే 18 వోల్టుల మిషన్లలో ముందు డ్రిల్లు కొన్నాను. తర్వాత రంపం మిషను, గ్రైండరు, జిగ్‌సా, లైటు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. బ్యాటరీ, చార్జరు ముందే ఉన్నాయి కాబట్టి ఒట్టి మిషను ఖరీదే పెట్టాను. ఇప్పటికీ చార్జరు ఒకటే.

కరెంటు పోయినా పని ఆగదు. ప్రాణహిత ఒడ్డు పల్లెల్లో తలుపులు బిగించడానికి వెళ్తే సంచిలో రెండు బ్యాటరీలు చాలు. 5 యాంపియర్ అవర్ల బ్యాటరీ డ్రిల్లుకు రోజంతా వస్తుంది. ఎండిన టేకు పలకను నిలువునా కోస్తే మాత్రం అదే బ్యాటరీ కాసేపటికే వేడెక్కి మొరాయిస్తుంది. రోజంతా కోతపనే ఉన్నవాళ్లకు కరెంటు తీగతో నడిచే రంపం మిషనే నయం.

నాలుగో ఏట ఒక బ్యాటరీ పోయింది. మంచిర్యాలలో విప్పించి చూస్తే లోపల 3.6 వోల్టుల సెల్లులు పది, అయిదు జంటలుగా. దెబ్బతిన్నది ఒక్క జంటే. దాన్ని మార్చి చూశాం, లోపలి బోర్డు ఒప్పుకోలేదు. బాగున్న ఎనిమిదీ మెకానిక్కు టార్చిలైట్లలోకి వెళ్లాయి, నేను కొత్త బ్యాటరీ కొన్నాను. పెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ మాత్రం ఉంది!

మోటారులో అరిగిపోయే కార్బన్లదీ (బ్రష్‌లదీ) ఇదే తీరు. బ్యాటరీ ఒకటే చేసినవాళ్లు డ్రిల్లుకు ఒక కొలత, గ్రైండరుకు ఒక కొలత కార్బన్లు పెట్టారు. సిరొంచలో నాకు రెండూ దొరకలేదు.

తమ్ముడి దగ్గర వేరే కంపెనీ 18 వోల్టుల బ్యాటరీ ఉంది. లోపల అలాంటి సెల్లులే, గాడి మాత్రం వేరు. నా డ్రిల్లులోకి దూరదు. డ్రిల్లు బిట్టు సంగతి అలా కాదు, 6.35 మిల్లీమీటర్ల ఆరు పలకల తోక ఉంటే ఏ కంపెనీదైనా కూర్చుంటుంది. 100 మిల్లీమీటర్ల గ్రైండరు బిళ్లకు నడిమి రంధ్రం 16. పాత తీగ గ్రైండరుకు కొన్న బిళ్లలన్నీ ఈ బ్యాటరీ గ్రైండరులోనే అరగదీశాను. డ్రిల్లులో బిట్టును పట్టుకునే చక్కు అరిగితే మూలన పడి ఉన్న పాత డ్రిల్లుది విప్పి బిగించాను, మర సరిగ్గా పట్టింది.

దసరాకు చిత్రిక మిషను కొనాలి. తమ్ముడి కంపెనీదే బాగుందని చూసి వచ్చాను. అయినా నా కంపెనీదే కొంటాను, మూడు బ్యాటరీలను ఏం చేసుకోను?