విజయవాడ బందరు రోడ్డు మీద సైకిలా, చిన్న ఎలక్ట్రిక్ స్కూటరా?

స్కూటరంటే ఇక్కడ లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని రకం: 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటదు.

ఖర్చు: మామూలు సైకిల్ పది వేలలోపే దొరుకుతుంది. స్కూటర్‌కి దానికి నాలుగైదు రెట్లు, పైగా కొన్నేళ్లకి బ్యాటరీ మార్చాలి.

శ్రమ: మే నెల విజయవాడ ఎండలో తొక్కితే చొక్కా పిండుకోవాల్సిందే, ఇందులో స్కూటర్‌దే గెలుపు. మూడో అంతస్తులో ఉంటూ కింద ప్లగ్ పాయింట్ లేనివాళ్లు మాత్రం ఆలోచించుకోండి.

ప్రమాదం: అసలు సంగతి ఇదే. బెంజ్ సర్కిల్ దగ్గర రెండూ నెమ్మది బళ్లే, వెనక బస్సువాడికి రెండూ అడ్డమే. సైకిల్ ఎడమ అంచున పోతుంది కానీ ఆ అంచులోనే ఆటో సడన్‌గా ఆగుతుంది, ఆగిన కారు డోరు తెరుచుకుంటుంది, మలుపు తిరిగే బస్సు డ్రైవర్‌కి ఎడమ పక్కనున్న మనం అద్దంలో కనపడకపోవచ్చు. స్కూటర్‌కి లైట్లు, ఇండికేటర్లు ఉంటాయి, రాత్రిపూట అది పెద్ద తేడా. కాకపోతే చప్పుడు చేయదు కాబట్టి రోడ్డు దాటేవాళ్లు చూసుకోరు, హారన్ మీదే చెయ్యి. చట్టం సంగతెలా ఉన్నా రెండింటికీ హెల్మెట్ పెట్టుకోండి.

మూడు నాలుగు కిలోమీటర్లు, కాలవగట్ల పక్కనో గల్లీల్లోనో వెళ్లే దారి ఉంటే సైకిలే తీసుకోండి. చీకటి పడ్డాక బందరు రోడ్డు మీదుగా ఇంటికొచ్చేవాళ్లకి స్కూటర్. పిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాలంటే రెండూ వద్దు, సిటీ బస్సెక్కండి.