వరిగడ్డి మీద బతికే గేదెకు ఏది మేలు: మొక్కజొన్నా, మొలాసిసా, పప్పుపొట్టా?

దాణా తొట్టి నాకి వదిలిపెడుతోంది, గాడిలో గడ్డి మాత్రం మిగిలిపోతోంది. పాలకేంద్రంలో వెన్న శాతం పడిపోయింది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందుగా చూడాల్సింది దాణాలో పిండి ఎంత పడుతోందన్నదే.

గడ్డిలోని పీచును అరిగించేది గేదె కాదు, దాని పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు. పొట్టలో పులుపు పెరిగి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.2 కంటే దిగితే అవి మందగిస్తాయి, 6 లోపు దాదాపు పని ఆపేస్తాయి. వాటికి నత్రజని కూడా కావాలి, అది ముఖ్యంగా మేతలోని మాంసకృత్తుల నుంచే వస్తుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే, మేత మొత్తంలో 7 శాతమైనా లేకపోతే అవి పస్తున్నట్టే. అలాంటి పొట్టలో పిండి పోస్తే, పిండి తినే బ్యాక్టీరియా చకచకా పెరిగి ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటాయి. గడ్డి అరగకుండా పేడలోకి పోతుంది.

మొక్కజొన్నలో శక్తి ఎక్కువ, పైగా దాని పిండి నూకల కంటే, గోధుమ కంటే నెమ్మదిగా పులుస్తుంది. అయినా 450 కిలోల గేదెకు రోజుకు కిలో, మహా అయితే కిలోన్నర. రెండు పూటలకు పంచి, కాస్త గడ్డి తిన్నాక పెట్టాలి. కిలోకి కనీసం అరకిలో పల్లీచెక్క (పల్లీల నూనె తీశాక మిగిలే పిప్పి) కలపాలి. మెత్తగా పట్టిస్తే ఒక్కసారిగా పులుస్తుంది, గింజ గింజగా ఉంటే పేడలో తేలుతుంది, అందుకే రవ్వగా ఆడించాలి.

నూకల జావ ఈ పోటీలో అట్టడుగున ఉంటుంది. ఉడికిన పిండి పచ్చిదానికంటే వేగంగా పులుస్తుంది. పెళ్లిలో మిగిలిన అన్నం బకెట్లకొద్దీ కుడితి తొట్టిలో పోస్తే గేదె ప్రాణమే పోవచ్చు. అలా తిన్న గేదె నెమరు ఆపేసిందంటే పశువైద్యుణ్ణి పిలవాల్సిందే, వంటసోడా తాగించి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

మొలాసిస్ అంటే చక్కెర మిల్లులో మిగిలే చెరకు మడ్డి. అందులో సగం దాకా చక్కెరే, పనికొచ్చే మాంసకృత్తులు దాదాపు లేవు. అరకిలోను నీళ్లలో కలిపి గడ్డి మీద చల్లితే గేదె ఇష్టంగా తింటుంది. గడ్డి ఎక్కువ తింటుందేగానీ, తిన్నది అరగాలంటే నత్రజని వేరే అందాలి. యూరియా, ఖనిజాలు కలిపి చేసిన నాకుడు ఇటుక ఈ లోటు తీరుస్తుంది, కొద్దికొద్దిగా నాకుతుంది కాబట్టి యూరియా ఒక్కసారిగా పొట్టలో పడదు. ఆరు నెలల్లోపు దూడలకు మాత్రం వద్దు. మొలాసిస్ మోతాదు మించితే పేడ పలచబడుతుంది.

నా ఓటు పొట్టుకే. శనగ, కంది, మినపపొట్టుల్లో పిండి తక్కువ, సులువుగా అరిగే పీచు ఎక్కువ. పులుపు పెరగదు, పీచు అరిగాక వచ్చే ఆమ్లమే పాలలో వెన్నకు ముడిసరుకు. శనగపొట్టులో మాంసకృత్తులు బాగా తక్కువ కాబట్టి పల్లీచెక్క తప్పదు. తేమ తగిలితే బూజు పడుతుంది, ముక్కిన వాసన వస్తే పారేయాలి. పచ్చి తవుడు కూడా మంచిదే గానీ, దానిలో 12–18 శాతం నూనె ఉంటుంది, నూనె మితిమీరితే అదీ పీచు అరుగుదలకు అడ్డే. పెద్ద మోతాదులో వాడాలంటే నూనె తీసిన తవుడు మేలు.

రోజుకు ఆరు లీటర్లిచ్చే గేదెకు వరిగడ్డి, 15 కిలోల పచ్చిమేతతో పాటు కందిపొట్టు రెండు కిలోలు, మొక్కజొన్న రవ్వ కిలో, పల్లీచెక్క కిలో, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు సరిపోతాయి. పాత దాణా నుంచి దీనికి పది రోజుల్లో కొంచెం కొంచెంగా మారాలి.

మార్చిన రెండు వారాలకు గుప్పెడు పేడ సన్నజల్లెడలో వేసి, చెయ్యి కలపకుండా నీళ్లు పోసి కడగండి. సెంటీమీటరు మించిన పోచలు కుప్పగా మిగిలితే పిండి ఇంకా ఎక్కువే. పడుకున్న గేదె ఒక్కో నెమరు ముద్దను 50 సార్లకు పైగా నములుతుంటే దాణాను అలాగే ఉంచండి. 40 దాటడం లేదంటే మొక్కజొన్న అరకిలో తగ్గించి, అంతే పొట్టు పెంచండి.