శుక్లాల ఆపరేషన్: మిషన్‌తోనా, చేత్తోనా?

అమ్మకో నాన్నకో శుక్లం వచ్చిందంటే బొబ్బిలి, చీపురుపల్లి వైపు ఇళ్లలో మొదలయ్యే చర్చ ఇదే. విజయనగరం తీసుకెళ్లి డబ్బు కట్టి ‘లేజర్’ చేయించాలా, ఉచిత క్యాంపులో చేత్తో చేయించినా ఫర్వాలేదా? క్యాంపు అంటే చిన్నతనం అనుకునే కొడుకులే ఎక్కువ.

ముందు ఆ లేజర్ సంగతి. ఊళ్లో లేజర్ అనే ఫేకో ఆపరేషన్‌లో మామూలుగా పనిచేసేది అల్ట్రాసౌండ్. మూడు మిల్లీమీటర్లలోపు కోతలోంచి సన్నటి సూదిని పంపి, శుక్లాన్ని లోపలే పగలగొట్టి పీల్చేస్తారు. చేత్తో చేసేదాంట్లో కోత ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, శుక్లాన్ని ముక్క చేయకుండా బయటికి తీస్తారు. మామూలుగా దానికీ కుట్లు పడవు. రెండింట్లోనూ లెన్స్ వేస్తారు.

ఫలితం మాటకొస్తే, 2007లో అచ్చయిన నేపాల్ అధ్యయనం చూడాలి. ముదిరిన శుక్లాలున్న 108 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఆరు నెలల తర్వాత కళ్లజోడు లేకుండా 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచి కనబడటం) లేదా అంతకన్నా మంచి చూపు చేతి ఆపరేషన్ జట్టులో 89 శాతం మందికి, ఫేకో జట్టులో 85 శాతం మందికి ఉంది. అంటే దాదాపు సమానమే. సమయం మాత్రం చేతి ఆపరేషన్‌కు 9 నిమిషాలు, ఫేకోకు పదిహేనున్నర నిమిషాలు. అయితే రెండు వైపులా చేసినవాళ్లు చెయ్యి తిరిగిన సర్జన్లు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకంటే మదురై అరవింద్ ఆసుపత్రి వాళ్లు దాదాపు 80 వేల ఆపరేషన్ల లెక్క తీసి 2012లో ప్రచురించారు. మొత్తం మీద ఆపరేషన్‌లో ఇబ్బందులు రెండింట్లోనూ ఒక శాతం చిల్లరే. నేర్చుకుంటున్న డాక్టర్లను విడిగా చూస్తే మాత్రం ఫేకోలో 4.8 శాతం, చేతి ఆపరేషన్‌లో 1.46 శాతం. కాబట్టి నేనైతే మిషన్ ఏ కంపెనీదని కాకుండా, ‘ఆపరేషన్ ఎవరు చేస్తారు, రోజూ ఏది చేస్తారు’ అని అడుగుతాను.

శుక్లం ఎంత ముదిరిందన్నది రెండో ప్రశ్న. ముంజెలా మెత్తగా ఉన్నప్పుడు ఫేకో హాయి: చిన్న కోత, త్వరగా మానుతుంది, కోత వల్ల వచ్చే సిలిండర్ పవర్ (కంటి పొర వంపు మారి చూపు మసకబారడం) తక్కువ. బండి నడిపేవాళ్లకు, ఆఫీసు పని ఉన్నవాళ్లకు నా ఓటు దానికే. టెంకలా గట్టిపడ్డాక దాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువ కావాలి, ఆ దెబ్బ నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు తగులుతుంది. అలాంటి కంటికి చేతి ఆపరేషనే మేలంటాను, ఉచితమైనా సరే.

ముదరనిద్దాం, చలికాలం రానిద్దాం అని ఆగడం పాతకాలపు మాట. బాగా ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి వచ్చి, ఉన్న చూపు కూడా పోవచ్చు.

ఇక ప్యాకేజీ రేట్లు. వేలల్లో కనిపించే తేడాలో చాలావరకు లెన్స్‌ది. మామూలు లెన్స్ దూరపు చూపుకు సరిపెడతారు గనక పేపరు చదవడానికి కళ్లజోడు ఏ ఆపరేషన్ తర్వాతైనా కావాలి.