టల్ యంత్రమా, మన గొర్రా?

ఇంగ్లండ్‌లో జెత్రో టల్ 1701 ప్రాంతంలో గుర్రం లాగే విత్తే యంత్రం తయారుచేశాడు. అప్పటిదాకా అక్కడ గింజలు ఎక్కువగా చేత్తో వెదజల్లడమే. టల్ యంత్రంలో గింజల పెట్టె కింద గాడులున్న దుంగ ఒకటి తిరుగుతూ, లెక్కగా గింజలు వదిలేది. ఒకేసారి మూడు సాళ్లు. ఈ ఆలోచన చర్చి ఆర్గన్ వాద్యం నుంచి వచ్చిందట!

ఎడ్లు లాగే మన విత్తే పరికరం గొర్రు. దాంట్లో తిరిగే భాగమే లేదు. కర్రదిండుకు పళ్లు, ఒక్కో పంటికి ఒక్కో వెదురు గొట్టం, గొట్టాలన్నీ పైన కలిసేచోట చెక్క గిన్నె, అదే జడ్డిగం. ఎడ్లు ముందు నడుస్తుంటే వెనక ఒక ఆడమనిషి ఒడిలోంచి పిడికెడు గింజలు తీసి, వేళ్ల సందుల్లోంచి సన్నగా జారవిడుస్తుంది. చెయ్యి తడబడితే సాలు పలచబడ్డట్టే. మొలకలొచ్చాక ఊరంతా చూస్తుంది. పక్కన ఇంకో గొట్టం కట్టి కందులు వేసుకోవచ్చు. గుంటక తోలితే గింజ మీద మట్టి కప్పుకుంటుంది.

లెక్క తప్పకపోవడంలో టల్‌దే పైచేయి. కానీ పాడైతే? గొర్రును ఊళ్లో వడ్రంగి పూటలో బాగుచేస్తాడు. టల్ యంత్రం ఖరీదు, సున్నితం. ఇంగ్లండ్ రైతులే చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. 1790ల్లో ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ హాల్కాట్ దక్షిణాదిలో గొర్రును చూసి ఆశ్చర్యపోయాడు. ఇలాంటి పరికరం యూరప్‌వాళ్ల కొత్త సృష్టే అని అప్పటిదాకా అనుకున్నాడు పాపం. మెట్టచేనికైతే నా ఓటు గొర్రుకే.